ఒకటో తరగతిలో మొదటి మాట

ఒకటో తరగతి గురించి సాహిత్య పత్రికలో రాయవలసిన అవసరం ఏమిటని కొందరు మిత్రులు అడగవచ్చు. అది ఉపాధ్యాయుల విషయం, మహా అయితే తల్లిదండ్రుల విషయం, విమర్శకులకు దానితో పనేమిటి అనవచ్చు. సాహిత్యం అచ్చయిన పుస్తకాలతో మొదలవుతుందని అనుకునేవాళ్లకు యీ ప్రశ్న సహజమే. కాని మనిషి తన అనుభవాన్ని తన మాటల్లో చెప్పుకోవడంతోనే సాహిత్యం మొదలవుతుందని ఒప్పుకుంటే, ఆ మాటలకు అక్షరం దొరికే చోటు కూడా మనకు ముఖ్యం కావాలి. మన దేశంలో అత్యధిక సంఖ్యాకులకు ఆ చోటు ఒకటో తరగతి. అక్కడ పుస్తకాలున్న ఇంటి పిల్లవాడికి పోయేది కొంచెమే. పుస్తకం లేని ఇంటి పిల్లకు పోయేది సర్వస్వం.

నేను డిగ్రీ కళాశాలలో తెలుగు చెబుతాను. నా దగ్గరికి వచ్చేవాళ్లు పద్దెనిమిదేళ్లవాళ్లు. వాళ్లలో చక్కని దస్తూరీ వున్నవాళ్లున్నారు. బోర్డు మీద రాసినదాన్ని పొల్లుపోకుండా ఎక్కించుకోగలవాళ్లున్నారు. గైడులోని సమాధానాన్ని కంఠస్థం చేసి రెండు పేజీలు నింపగలరు. ఇంటి నుంచి కళాశాలకు వచ్చే దారిలో మీరు చూసినదేమిటో పది వాక్యాలు రాయండి అంటే మాత్రం కలం కదలదు. 'ఇది ఏ పాఠంలోది సార్?' అని అడుగుతారు. వాళ్లకు తెలివి లేదనడం అన్యాయం. అదే పిల్లలు బస్టాపులో మాట్లాడుకుంటూవుంటే వినాలి. ఎంత హాస్యం, ఎంత పరిశీలన! నోటిలో వున్న భాష చేతిలోకి రావడం లేదు. నోటికీ చేతికీ మధ్య దారి ఎక్కడ తెగిందా అని వెతుక్కుంటూ వెనక్కి పోతే, ఇంటరు దాటి, హైస్కూలు దాటి, చివరకు ఒకటో తరగతి దగ్గర ఆగవలసి వచ్చింది.

అందుచేత గత విద్యా సంవత్సరంలో, నాకు వీలు చిక్కిన ఉదయాల్లో, ప్రధానోపాధ్యాయిని అనుమతితో హైటెక్ సిటీ వెనుక వున్న ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకు వెళ్లాను. ఒకటో తరగతి గదిలో వెనక గోడకు ఆనుకుని కూర్చుని చూశాను. ఆ బడి పేరు చెప్పనక్కరలేదు. అక్కడ కనిపించిన లోపాలు ఆ ఒక్క బడివి కావు. అక్కడ కనిపించిన మంచి కూడా ఆ ఒక్క ఉపాధ్యాయినికే సాధ్యమయినదని నేను అనుకోను.

ముందు ఆ పిల్లలెవరో చెప్పాలి. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమయేనాటికి మాదాపూర్ చుట్టుపక్కల ఎక్కువగా బండరాళ్లూ తుప్పలూ వుండేవి. పాతికేళ్లు తిరిగేసరికి మాదాపూర్, కొండాపూర్, గచ్చిబౌలి, రాయదుర్గం, నానక్‌రాంగూడ అద్దాల మేడలతో నిండిపోయాయి. 2019లో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చింది. 2020లో దుర్గం చెరువు మీద తీగల వంతెన లేచింది. యీ నిర్మాణమంతా కంప్యూటర్లు చేసినది కాదు. పాలమూరు నుంచి, శ్రీకాకుళం నుంచి, ఒడిశా, బీహారు, బెంగాలు, ఛత్తీస్‌గఢ్‌ల నుంచి వచ్చిన కూలీలు రాళ్లు పగలగొట్టి, ఇసుక మోసి, సెంట్రింగు కట్టి లేపినది. మేడ పూర్తి కాగానే కట్టినవాళ్లు మరో గోతి దగ్గరికి పోతారు. ఆ మేడలో నేల తుడిచే ఆడవాళ్లు, గేటు దగ్గర కాపలా వుండేవాళ్లు, రోడ్డు పక్కన బండి మీద ఇడ్లీలు అమ్మేవాళ్లు, ఆటో నడిపేవాళ్లు మాత్రం ఆ చుట్టుపక్కలే రేకుల ఇళ్లల్లో, ఇరుకు గదుల్లో మిగిలిపోతారు. నేను చూసిన ఒకటో తరగతి వీళ్ల పిల్లలది. మేడల్లో కుర్చీల మీద కూర్చునేవారి పిల్లలకు, పేరులో 'ఇంటర్నేషనల్' అన్న మాట వున్న బడులు అదే పేటలో వేరే వున్నాయి. ఒకే పేటలో రెండు ఒకటో తరగతులు నడుస్తున్నాయన్న మాట.

తరగతిలో పొద్దున జరిగే మొదటి పని హాజరు. ఆ ఉపాధ్యాయిని పాత శుభలేఖల అట్టలు కత్తిరించి, ఒక్కొక్క అట్ట మీద ఒక్కొక్క పిల్ల పేరు పెద్ద అక్షరాలతో రాసి పెట్టింది. పిల్లలు వస్తూనే నేల మీద పరిచిన ఆ అట్టల్లో తమ పేరు వెతుక్కుని తీసి ఒక డబ్బాలో వేస్తారు. డబ్బాలో పడినవి వచ్చినవాళ్లవి, నేల మీద మిగిలినవి రానివాళ్లవి. అంతే, హాజరు అయిపోయినట్టే. ఇది చూడడానికి ఆటలా వుంటుంది. కాని మూడు వారాలు గడిచేసరికి పిల్లలు తమ పేరే కాక పక్కవాళ్ల పేర్లు కూడా గుర్తుపడుతున్నారు. పాత పద్ధతిలో అచ్చులు, హల్లులు, గుణింతాలు అన్నీ అయితే తప్ప దగ్గరికి రానివ్వని ఒత్తులు, తమ పేరులో వున్నవాళ్లకు మొదటి నెలలోనే పట్టుబడ్డాయి. కష్టం అక్షరంలో లేదు, ఆ అక్షరంతో తనకేం పని అన్న ప్రశ్నకు జవాబు లేకపోవడంలో వుంది. తన పేరులో వున్న ఒత్తుతో పిల్లకు పని వుంది.

హాజరు తర్వాత జరిగే పని వేరు. నాలుగు గీతల నోటుపుస్తకాలు బయటికి వస్తాయి. పెద్ద ఎ, చిన్న ఎ, పెద్ద బి, చిన్న బి. పేజీ నిండా ఒకే అక్షరం. పేజీ తిప్పి మళ్లీ అదే. ఇందులో చేతికి అలసట వుంది, మనసుకు పని లేదు. ఒక పిల్లవాడు శ్రమ తగ్గించుకునే ఉపాయం కనిపెట్టాడు: పై నుంచి కిందికి ముందు అన్ని అక్షరాలకూ నిలువు గీతలు గీసేసి, తర్వాత అన్నిటికీ బొజ్జలు తగిలించుకుంటూ పోయాడు. ఫ్యాక్టరీలో వరస పని ఎట్లా సాగుతుందో ఆరేళ్లవాడు తనంతట తాను కనిపెట్టాడని నేను ఆశ్చర్యపోయాను. వాడు అక్షరం నేర్చుకోవడం లేదు, సరుకు తయారు చేస్తున్నాడు. ఆ సరుకు ఎవరికి కావాలి? పర్యవేక్షణకు వచ్చే అధికారికి కావాలి. నోటుపుస్తకం నిండితే చదువు వస్తున్నదని నమ్మే తల్లిదండ్రులకు కావాలి. ఆ ఉపాధ్యాయినికి ఇది ఇష్టం లేదు. 'నింపకపోతే ఏం చెప్పలేదంటరు సార్' అన్నది. నా దగ్గరికి వచ్చి, ఇది ఏ పాఠంలోదని అడిగే విద్యార్థి తయారయేది యీ గంటలోనే.

తెలుగు గంటలో జరిగిన ఒక చిన్న సంగతి నన్ను చాలా రోజులు ఆలోచింపజేసింది. గోడ మీద పటంలో 'అ' పక్కన చీర కట్టుకున్న ఆమె బొమ్మ. కింద 'అమ్మ' అని రాసి వుంది. బొమ్మ చూపించి ఎవరని అడిగితే, నారాయణపేట వైపు నుంచి వచ్చిన మేస్త్రీ కూతురు ఒకతె గట్టిగా 'అవ్వ' అన్నది. మిగతావాళ్లు నవ్వారు. ఆ రోజు ఉపాధ్యాయిని సెలవులో వుంది. తరగతిని చూస్తున్న మరొకరు 'అవ్వ అంటే ముసలామె. ఇది అమ్మ' అని సరిదిద్దారు. ఆ పిల్ల ఇంట్లో తల్లిని అవ్వ అనే పిలుస్తారు. తెలంగాణలో కష్టజీవుల ఇళ్లల్లో ఎంతోమంది తల్లులకు అదే పేరు. పైగా అది కూడా 'అ'తోనే మొదలవుతుంది. నేర్పవలసిన అక్షరం ఆ పిల్ల నోట్లో అప్పటికే వుంది. దాన్ని అందుకుని పలక మీద పెట్టడానికి బదులు, నీ తల్లి పేరు తప్పు అని చెప్పి పంపారు. ఆ తర్వాత రెండు రోజులు ఆ పిల్ల ఏ బొమ్మకూ జవాబు చెప్పలేదు.

ఇటువంటివి చిన్న సంగతులని తీసిపారేయవచ్చు. కాని ఒకటో తరగతిలో అన్నీ చిన్న సంగతులే. ఉల్లిగడ్డ అన్న పిల్లను ఉల్లిపాయ అనమంటారు. తొవ్వ అన్నవాడిని దారి అనమంటారు. శ్రీకాకుళం నుంచి వచ్చిన పిల్ల 'మా అమ్మ పనిలోకి ఎల్నాది' అంటే, తెలంగాణ మాట మాట్లాడినందుకు నిన్న నవ్వులపాలైన పిల్లలే ఇవాళ నవ్వుతారు. 2014 తర్వాత రాష్ట్రం వేరుపడి వాచకాలు కొత్తగా వచ్చినమాట నిజమే. అయినా వాచకంలో మాట మారినంత మాత్రాన, సరైన భాష ఒకటి ఎక్కడో వుంది, అది మా ఇంట్లో లేదు అనే భావం పోదు. ఆ భావం పిల్లకు మొదటి సంవత్సరంలోనే పట్టుకుంటుంది.

సెలవు నుంచి తిరిగి వచ్చిన ఉపాధ్యాయినికి యీ సంగతి తెలిసింది. ఆమె ఉపన్యాసమేమీ చెప్పలేదు. మర్నాడు పొద్దున అందరినీ కూర్చోబెట్టి, మీ ఇంట్లో పొద్దుగాల ఎవరు ముందు లేస్తారని అడిగింది. పిల్లలు ఒక్కొక్కరూ చెబుతూవుంటే ఆ మాటలు ఉన్నవి ఉన్నట్టుగా బోర్డు మీద రాస్తూ పోయింది. 'మా అవ్వ లేస్తది' అని ఒకటి. 'మా అమ్మ పనిలోకి ఎల్నాది' అని ఒకటి. 'మా బాపు రాత్రి డ్యూటీ, లేవడు' అని ఒకటి. ఇంట్లో హిందీ మాట్లాడే పిల్లవాడు 'మమ్మీ చాయ్ చేస్తది' అన్నాడు. అది కూడా ఎక్కింది. అప్పుడు ఎవరి వాక్యం ఏదో చూపించమన్నది. చదవడం రాని పిల్లలు తమ వాక్యాన్ని వేలితో చూపించి, తాము అన్న మాటలనే వరసగా చదివారు. 'అవ్వ'లో వున్న 'వ' ఇంకెక్కడుందో వెతకమంటే, 'లేవడు'లో వుందని మేస్త్రీ కూతురే కనిపెట్టింది.

ఇట్లా రాస్తే వాళ్లకు ప్రామాణిక భాష ఎప్పుడు వస్తుందని నేను విరామంలో అడిగాను. ఆమె ఇచ్చిన జవాబు ఇది: 'నోట్లున్నది ముందు గోడకెక్కనీయండి సార్. దిద్దడానికి ఇంకా పదేండ్లున్నయి.' భాషాబోధన గురించి నేను చదివిన పెద్ద పుస్తకాల సారం యీ రెండు మాటల్లో వుంది.

ఇది కొత్త సిద్ధాంతం కాదు. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడిగా పనిచేసిన గిడుగు రామమూర్తి పంతులు కొండల్లోని సవర పిల్లలకు చదువు చెప్పదలచినప్పుడు, ముందు తాను సవర భాష నేర్చుకున్నాడు. ఆ భాషలో వాచకాలు రాశాడు. తన ఖర్చుతో బడి పెట్టి నడిపాడు. ఆయన సవర వ్యాకరణం 1931లో వచ్చింది. మనం ఆయనను గ్రాంథికవాదులను ఓడించిన యోధుడిగా తలచుకుంటాం, ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. కాని పత్రికల్లోకీ పుస్తకాల్లోకీ వ్యావహారికం రావడంతో ఆయన ఉద్యమం జయించిందని సంతృప్తి పడ్డాం. పిల్ల నోటి భాషను ఉపాధ్యాయుడు నేర్చుకోవాలన్న భాగం వుంది చూశారూ, అది ఇంకా అమలుకు రాలేదు. న్యూజీలండులో మావోరీ పసిపిల్లలకు చదువు చెప్పిన సిల్వియా ఆష్టన్ వార్నర్ కూడా ఇటువంటి దారినే పట్టింది. పిల్లను నీకు ఏ మాట కావాలని అడిగి, ఆ మాటనే అట్ట మీద రాసి యిచ్చేది. 1963లో ఆమె ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసింది. మన హైటెక్ సిటీ ఉపాధ్యాయిని ఆ పుస్తకం చదవలేదు. అవసరమే ఆమెకు ఆ పద్ధతి నేర్పింది.

లెక్కల గంట కూడా భాషకు సంబంధించినదేనని నాకు అక్కడే తెలిసింది. చీపురు పుల్లలు పదేసి కట్టలుగా రబ్బరు బ్యాండు వేసి పెట్టారు. ఒక కట్టా, నాలుగు విడి పుల్లలూ ఇచ్చి ఎన్ని అంటే 'పద్నాలుగు' అంటారు. పది, నాలుగు — మాటలోనే కట్టా వుంది, విడి పుల్లలూ వున్నాయి. రాయడం కూడా అదే వరసలో: ముందు 1, తర్వాత 4. అదే పిల్లలను ఇంగ్లీషులో అడిగితే 'ఫోర్టీన్' అనాలి. అక్కడ నాలుగు ముందు వినబడుతుంది, పది తర్వాత వస్తుంది. చెవికి వినబడిన వరసలో రాసిన పిల్లలు 41 వేస్తారు. హిందీ పిల్లల బాధ ఇంకా ఎక్కువ: ఇరవై మూడును 'తేయీస్' అంటే అందులో మూడే ముందు. తెలుగు అంకెల పేర్లు స్థానవిలువను నోటితోనే నేర్పుతున్నాయి. యీ సౌకర్యాన్ని మనం చేజేతులా వదిలి, తర్వాత మన పిల్లలకు లెక్కలు రావడం లేదని సర్వేలు చేయించుకుంటున్నాం. ఇడ్లీ బండి ఆమె కొడుకు యాభై రూపాయల నోటుకు చిల్లర తప్పు లేకుండా చెప్పగలడు. నోటుపుస్తకంలో అదే తీసివేత చేయలేడు. వాడికి లెక్క వచ్చు. బడి లెక్క రాదు.

ఇక ఇంగ్లీషు. దీని దగ్గర మన రచయితలు చాలామంది తొందరపడి మాట్లాడతారు. తెలుగు చచ్చిపోతున్నదని ఏడ్చే పెద్దమనిషి తన మనవణ్ణి ఏ బడికి పంపుతున్నాడో చూస్తే ఆ ఏడుపు విలువ తెలుస్తుంది. ఆ బడి గేటు దగ్గర ఒక తల్లితో మాట్లాడాను. ఒక మేడలో నేల తుడిచే పని ఆమెది. బిడ్డ ఇంగ్లీషు మీడియమే చదవాలన్నది. ఎందుకన్నాను. 'ఆ అద్దాల తలుపు మీద ఏం రాసిండ్రో తెల్వక, నూకాల్నో గుంజాల్నో సమజ్ గాక మొదట్ల నిలవడేదాన్ని సారూ. ఎనక వచ్చినోళ్లు నవ్వేది. నా బిడ్డ అట్ల నిలవడొద్దు' అన్నది. దీనికి మాతృభాషా మాధుర్యం గురించి ఉపన్యాసం సమాధానం కాదు. ఆ తలుపు నిజం. దాని ముందు నిలబడడం నిజం. ఆమె అడుగుతున్నది అధికారంలో వాటా.

హైదరాబాదు చరిత్ర తెలిసినవాళ్లకు ఇందులో ఒక తేడా కనబడాలి. నిజాం పాలనలో ప్రజల భాష తెలుగైనా రాజ్యం భాష, పై చదువుల భాష ఉర్దూ. 1918లో వచ్చిన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూలోనే బోధించింది. 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం, 1921లో ఆంధ్రజన సంఘం, 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ — యీ ఉద్యమమంతా మా పిల్లలకు మా భాషలో చదువు కావాలని అడిగింది. ఆనాడు పరాయి భాషను పైనుంచి రుద్దారు, ప్రజలు ప్రతిఘటించారు. ఇవాళ ప్రజలే పరాయి భాషను కోరుతున్నారు. వీళ్లు చైతన్యం తప్పిపోయారనడం తప్పు. వీళ్ల కోరికకు కారణం రోజూ కళ్లెదుట నిలిచిన అద్దాల మేడ. ఉద్యోగం, జీతం, గౌరవం అన్నీ ఒక భాషలో పెట్టి, మీరు మరో భాషను ప్రేమించండని బీదవాళ్లకు చెప్పడం మోసం.

అయితే కోరిక న్యాయమైనదైనంత మాత్రాన దాన్ని తీరుస్తామని ఇచ్చినదంతా న్యాయం కాదు. తెలంగాణ ప్రభుత్వం 2022-23 నుంచి ప్రభుత్వ బడుల్లో ఇంగ్లీషు మాధ్యమం తెచ్చింది. ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లీషుగా పుస్తకాలు అచ్చువేసింది. ఆలోచన మంచిదే. అయితే ఆరేళ్ల పిల్లకు రెండు పేజీలూ ఒకటే, రెండూ చదవలేదు. ఆమెకు పుస్తకం అంటే ఉపాధ్యాయిని నోరే. ఆ నోరు పిల్లకు అర్థం కాని భాషలో తెరుచుకుంటే, ఎదురు పేజీలో తెలుగున్నా లేనట్టే. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చింది. సాధ్యమైనంతవరకూ మాతృభాషలో బోధించాలని అందులో 29వ సెక్షన్ చెబుతున్నది. 2020 జాతీయ విద్యావిధానం, వీలైన చోట కనీసం ఐదో తరగతి దాకా ఇంటి భాష అన్నది. చట్టం ఒక వైపు, ఉత్తర్వు ఒక వైపు, మధ్యలో పలక పట్టుకున్న పిల్ల.

ఆ తల్లి కోరుకున్నది దక్కాలంటే కూడా మొదటి మెట్టు ఆమె భాషే. చదవడమంటే గీతల వెనక ఒక అర్థం వుందని తెలుసుకోవడం. ఆ రహస్యం తనకు తెలిసిన భాషలో ఒకసారి విప్పుకున్న పిల్ల, రెండో భాషలో మళ్లీ విప్పుకోగలదు. తెలుగు లిపి యీ పనికి అనువైనది. 'వ' ఎక్కడ చూసినా 'వ'. గుణింతం గుర్తులు పట్టుబడితే తను ఎన్నడూ చూడని మాటను కూడా పిల్ల తనంతట తాను చదువుతుంది. ఇంగ్లీషులో 'పుష్' అన్న మాటలోనూ 'బస్' అన్న మాటలోనూ నడిమి అక్షరం ఒకటే, పలుకు వేరు. చదవడమంటే ఏమిటో తెలిసిన పిల్లకు ఇది వింత. తెలియని పిల్లకు ఇది గోడ. ఇంగ్లీషు వద్దనడం లేదు. బాగా రావాలనే అంటున్నాను. పాటగా, ఆటగా, మాటగా మొదటి రోజు నుంచీ విననివ్వండి. పిల్ల తన మొదటి వాక్యాన్ని మాత్రం తన భాషలో రాయనివ్వండి.

బడిలో ఆట, పని, బొమ్మ వుండాలన్న మాట మన విద్యాశాఖకు కొత్తది కాదు. 1980 దశకంలో బ్రిటిష్ సహాయంతో ఆంధ్రప్రదేశ్‌లో నడిచిన ప్రాథమిక విద్యా పథకం 'కృత్యం' అన్న మాటను ప్రతి ఉపాధ్యాయుడికీ పరిచయం చేసింది. మదనపల్లె దగ్గర రిషివ్యాలీవారు చుట్టుపక్కల పల్లెబడుల కోసం తయారుచేసిన కార్డుల పద్ధతి రాష్ట్రాలు దాటి పోయింది. పిల్ల తన మెట్టు మీద తాను, తన వేగంతో తాను నడిచే పద్ధతి అది. తెలంగాణలో 2022 ఆగస్టులో 'తొలిమెట్టు' వచ్చింది. ఇవన్నీ సదుద్దేశంతో వచ్చినవే. కాని పథకం పై నుంచి కిందికి దిగేసరికి కృత్యం ఒక గడి అవుతుంది. గడిలో టిక్కు పెట్టాలి, ఫోటో తీసి పంపాలి. నేను కూర్చున్న ఒక ఉదయం ఉపాధ్యాయిని గంటన్నర సేపు వివరాలు పంపడంలోనే గడిపింది. పిల్లలు అంతసేపూ 'సి' రాశారు.

భౌతిక పరిస్థితులు చెప్పకుండా పద్ధతుల గురించి మాట్లాడడం భావవాదం అవుతుంది. విద్యాహక్కు చట్టం షెడ్యూలు ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు ఉపాధ్యాయులు చాలు. తరగతులు ఐదు. అంటే చట్టాన్ని అక్షరాలా పాటించినా ఒక్కొక్కరి చేతిలో రెండు మూడు తరగతులు. నేను చూసిన గదిలో ఒకటీ రెండూ కలిసే కూర్చున్నాయి. ఒకరితో మాట్లాడుతుంటే మరొకరికి ఏదో పని పెట్టాలి. చూచిరాత పుట్టేది యీ అవసరంలోంచే. ఉపాధ్యాయుల్ని తిట్టి లాభం లేదు. ఒకటో తరగతికి ప్రత్యేకంగా ఒక ఉపాధ్యాయిని, ఆమెకు రాతపనుల నుంచి విముక్తి — మన కోరికలు యిక్కడ మొదలుకావాలి.

ఇంకొక విషయం వుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది అదే. దసరా సెలవుల తర్వాత పేర్ల అట్టలు నేల మీద పరిస్తే, తొమ్మిది ఎవరూ తియ్యకుండా మిగిలాయి. కొంతమంది ఊళ్ల నుంచి ఇంకా రాలేదు. మేస్త్రీ కూతురు మాత్రం ఇక రాదని తెలిసింది. మేడ స్లాబు పని అయిపోయింది, కుటుంబం మరో చోటికి పోయింది. ఎక్కడికో బడిలో ఎవరికీ తెలియదు. ఉపాధ్యాయిని ఆ అట్టను పారేయలేదు. అటువంటి అట్టలు పాత సంవత్సరాలవి కూడా ఆమె బీరువాలో ఒక కట్ట వున్నాయి.

ఆ పిల్లకు ఆ బడిలో దొరికిన కాలం నాలుగు నెలలు. మరో చోట మరో నాలుగు నెలలు దొరకవచ్చు, దొరకకపోవచ్చు. సంవత్సరానికి వేసిన పాఠ్యప్రణాళిక ఆమె కోసం వేసినది కాదు. అక్షరమాల అంతా అయ్యాక గుణింతం, గుణింతం అయ్యాక ఒత్తులు, ఒత్తులు అయ్యాక మాటలు, మాటలు అయ్యాక వాక్యం అనే వరస, పదేళ్లు ఒకేచోట వుండే పిల్లల కోసం ఏర్పడినది. నాలుగు నెలలకు లేచిపోయే పిల్ల ఆ వరసలో ఎన్నడూ వాక్యం దాకా చేరదు. ప్రతి కొత్త బడిలోనూ మళ్లీ పెద్ద ఎ, చిన్న ఎ దగ్గర మొదలుపెడుతుంది. అందుకే వాక్యం మొదటే రావాలంటున్నాను. ఆమె 'మా అవ్వ లేస్తది' అన్నది, అది బోర్డు మీద చూసింది, వేలితో చదివింది, తన పలక మీద వంకరటింకరగా రాసుకున్నది. ఎక్కడికి పోయినా అది ఆమె వెంట పోతుంది. నోటుపుస్తకంలో నింపిన పేజీలు మాత్రం యీ బడి బీరువాలోనే వున్నాయి.

ఇందులో రచయితల పని ఏమిటి? 1859లో యాస్నాయా పొల్యానాలో రైతుబిడ్డలకు బడి పెట్టిన టాల్‌స్టాయ్, 1862లో ఒక వ్యాసం రాస్తూ, రాయడం ఎవరి దగ్గర ఎవరు నేర్చుకోవాలి, రైతుపిల్లలు మన దగ్గరా, మనం వాళ్ల దగ్గరా అన్న ప్రశ్ననే శీర్షికగా పెట్టాడు. ఆయన అది వినయం కోసం అడగలేదు. 1872లో స్వయంగా పిల్లల వాచకం తయారుచేశాడు. మన అభ్యుదయ రచయితల సంఘం 1943లో తెనాలిలో పుట్టిన నాటి నుంచీ కష్టజీవుల గురించి రాస్తున్నాం. వాళ్ల పిల్లలు చదవగలిగినది ఏం రాశాం? ఆరేళ్ల పిల్ల చదవడానికి వీలైన, ఒక పేజీకి ఒక వాక్యం వున్న పుస్తకాలు, క్రేనూ సెంట్రింగూ తట్టా ఇడ్లీ బండీ రాత్రి డ్యూటీ వున్న పుస్తకాలు, మనలో ఎవరి పేరు మీద వున్నాయి? బాలసాహిత్యమంటే రాజులూ పులులూ నీతులూ అన్న పాత అలవాటులోనే చాలామందిమి వున్నాం.

చేయవలసినది పెద్ద పథకమేమీ కాదు. ప్రతి శాఖలో ఇద్దరు ముగ్గురు రచయితలు దగ్గరలోని ఒకటో తరగతికి, ఉపాధ్యాయుల అనుమతితో, వారానికి ఒక ఉదయం వెళ్లవచ్చు. పిల్లలు చెప్పిన వాక్యాలను వాళ్ల నోటిలో వున్నవి వున్నట్టుగా రాసి, బొమ్మలు వాళ్లచేతనే వేయించి, నాలుగు పేజీలుగా కుట్టి వాళ్లకే ఇవ్వవచ్చు. నా విద్యార్థులు కొందరు యీ పనికి ముందుకు వచ్చారు. పిల్లలు చెబుతుంటే రాసిన రోజున, నా తరగతిలో కలం కదలని అమ్మాయి ఒకతె తన చిన్ననాటి బడి గురించి ఒకటిన్నర పేజీ రాసి తెచ్చింది. అది ఏ పాఠంలోదని యీసారి ఎవరూ అడగలేదు.